కొరికిన ఆకుల స్వెటరు

ఊలు పిన్ని అల్లిన చేతుల్లేని స్వెటరు మీది గొంగళిపురుగుల్లో ఒకటి, ఎండ బాగా కాసిన రోజున రెక్కలు మొలిచి, సీతాకోకచిలుకై ఎగిరిపోయింది. ఛాతీ దగ్గర వేలు పట్టేంత కన్నం మిగిలింది. చూసినవాళ్లున్నారు. సరే, ఎగరడం ఎవరూ చూడలేదు, కన్నం మాత్రం చూశారు. తన కొట్టులో ఊలు తినే చిమటలున్నాయని ఏ కొట్టావిడా ఒప్పుకోదు కాబట్టి, ఎగిరిపోయిందన్న మాటకే ఊలు కొట్టావిడ ఓటు.

స్వెటరు అల్లినావిడ వీధి వీధంతటికీ పిన్నే. ఏళ్ల తరబడి ఆ కొట్టుకు టోపీలూ మఫ్లర్లూ అల్లి ఇస్తోంది. ఎప్పుడూ ఎవరో గీసిన బొమ్మలే. మంచు నక్షత్రాలు, కొమ్ముల జింకలు. జన్మలో జింక మొహం చూడకపోయినా, కబుర్లు చెబుతూనే మందలు మందలుగా అల్లిపారేసేది. అలాంటిది, ఈ చలికాలం అద్దాల కిటికీలో ఒకే ఒక్క కొత్త డిజైను పెడతానని కొట్టావిడ అనేసరికి పిన్నికి కాలు నిలవలేదు. ఆ కిటికీలో ఉండేది తన బొమ్మే కావాలి.

బొమ్మ బాల్కనీలోనే దొరికింది. నిమ్మమొక్క మీద పచ్చటి గొంగళిపురుగు. పిన్ని పీట వేసుకుని దాని ఎదురుగా కూర్చుంది. గళ్ల కాగితం మీద ఒక గడికి ఒక కుట్టు చొప్పున పురుగును వీపు వంపుతో సహా దించింది. ఊలు కూడా ఆకు పక్కన ఒకటి, పురుగు పక్కన ఒకటి పెట్టి చూసి మరీ ఎంచింది. రెండూ పచ్చే. బస్సు డ్రైవరు బాబాయ్ సెలవు రోజంతా పోలీసులకు చిక్కిన దొంగలా చేతులు చాపి, పిన్ని ఉండ చుట్టుకునేలా ఊలు చిలప పట్టుకున్నాడు. ఆకులూ, వాటి మీద పురుగులూ అల్లడం అయ్యాక ఒళ్లో పెట్టుకుని చూస్తే, పురుగుల కాళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

కొట్టావిడ స్వెటరును కిటికీలో తగిలించింది. ఎలా ఉందో చూద్దామని ఇద్దరూ రోడ్డు దాటి అవతలి వైపు నిలబడ్డారు. కిటికీలో ఉత్త ఆకుపచ్చ స్వెటరు వేలాడుతోంది.

"పురుగులేవమ్మా?" అంది కొట్టావిడ.

"ఉన్నాయి. దాక్కున్నాయి."

"దాక్కుంటే ఎవరు కొంటారు? సోమవారం దాకా ఆగుతాను. తర్వాత జింకలే."

పిన్ని స్వెటరును చంకలో పెట్టుకుని ఇంటికొచ్చింది. కంటబడకుండా బతకడమే ఆ పురుగు విద్య. దాన్ని అచ్చుగుద్దినట్టు అల్లితే విద్యతో సహా వచ్చింది మరి. రంగు మారుద్దామంటే మనసొప్పదు. ఎర్ర పురుగును నిమ్మాకు మీద ఎవరు చూశారు? మొక్క దగ్గరికెళితే అసలు పురుగు కూడా కనబడలేదు. అదీ పోయిందనుకుని నీరసంగా కూలబడింది.

బాబాయ్‌కి బొమ్మల్లో ఓనమాలు తెలియవు. కళ్లజోడు పెట్టుకుని ఒక్క నిమిషం వంగి చూసి, వేలు పెట్టి చూపించాడు.

"ఎలా కనిపెట్టారండీ?"

"ఆకు చూడు, అంచంతా కొరికేసుంది. ఎంగిలి కంచం ఇక్కడుంటే తిన్నవాడు ఎంత దూరం పోతాడే?"

పిన్ని ఆయన వైపు ఎప్పుడూ లేనంత గౌరవంగా చూసింది. ఆ గౌరవం స్వెటరు విప్పడం మొదలుపెట్టేంతవరకే నిలిచింది. విప్పిన ఊలు మళ్లీ ఆయన చేతులకే చుట్టింది. పురుగుల జోలికి పోలేదు. ప్రతి ఆకు అంచునా లేత పసుపు ఊలుతో వంకర టింకరగా కాట్లు అల్లింది.

సోమవారం రోడ్డు అవతల నిలబడితే ముందు కాట్లు కనబడ్డాయి. ఇదేమిటి, ఎవరు కొరికారిలా అంటూ జనం రోడ్డు దాటి వచ్చారు. అద్దానికి ముక్కు ఆనించాక గానీ తిన్నవాళ్లు దొరకలేదు. ముక్కుల మరకలు తుడవలేక చస్తున్నానని కొట్టావిడ రుసరుసలాడింది, కానీ జింకల మాట మళ్లీ ఎత్తలేదు.

వచ్చినవాళ్లందరికీ కొట్టావిడే ఈ కథ చెబుతుంది. పిన్ని పక్కనే ఉంటే సూదుల మీది చూపు తిప్పకుండా అంటుంది: "అంతా అబద్ధం. మాకు నిమ్మమొక్కే లేదు. ఎంగిలి కంచం మాట అన్నది నేను. ఆయనకు కళ్లజోడు పెట్టినా కంచంలో కూర కనబడదు."