ఆరో గుంట దగ్గర గంట కొట్టే అలిక్

పోర్ట్‌లెన్నీ గోల్ఫ్ క్లబ్బును పెట్టింది ఒక పాదిరీ, ఒక డాక్టరు, ఒక హెర్రింగు చేపల వ్యాపారి. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి గిట్టేది కాదు కాబట్టి క్లబ్బు మొదటి రోజు నుంచీ మహా ఉత్సాహంగా నడిచింది. గడ్డి కోసే పని ఊరి గొర్రెలు చూసుకునేవి. మొదటి భవనాన్ని ఒక చలికాలం సముద్రం పట్టుకుపోతే, బుద్ధి తెచ్చుకుని రెండోదాన్ని దూరంగా కట్టారు. అది సముద్రానికి అందలేదు గానీ వానకి అందింది. యుద్ధమప్పుడు సైన్యం ఇసుక దిబ్బల నిండా ముళ్ళతీగ చుట్టి వెళ్తే, సభ్యులు ఆ సందుల్లోంచే ఆడుతూ ప్యాంట్లు చింపుకున్నారు.

ఇంత ఘన చరిత్రలో చేపలు నిలవచేసే చెక్క పీపాలు కట్టే అలిక్ కౌవీ అనే పనివాడికి చోటు దొరికింది, ఆ రోజుల్లో ఊళ్ళో ఉన్న డాక్టరు గారి బుర్ర పగలడం వల్ల.

ఆరో గుంట ఒక పెద్ద దిబ్బకు అవతల, పల్లంలో ఉంటుంది. కొట్టేవాడికి దిబ్బ తప్ప ఏమీ కనబడదు. అందుకని గుంట పక్కన ఒక గంట వేలాడదీశారు. ముందువాళ్ళు ఆట ముగించి పక్కకు తప్పుకుని గంట కొడితే, వెనకవాళ్ళు బంతి కొట్టాలి. అయితే పక్కవాడు ఎన్ని దెబ్బలు కొట్టాడో గుర్తుండే ఆటగాళ్ళకు గంట కొట్టడం మాత్రం గుర్తుండదు. ఒకనాడు డాక్టరు గారు గంట కొట్టారో లేదో ఆలోచిస్తూ నిలబడితే బంతి వచ్చి నడినెత్తిన పడింది. ఆయన కోలుకున్నాక కమిటీ వారు దిబ్బ పక్కనే చివరి ఇంట్లో ఉండే అలిక్‌ని పిలిపించారు. హెర్రింగులు ఆ తీరానికి రావడం మానేశాక పీపా కావలసినవాడు లేక అతను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. రోజంతా బల్ల మీద కూర్చుని గంట కొడితే చందా లేకుండా ఆడుకోవచ్చన్నారు. అలిక్ ఎగిరి గంతేశాడు. అతనికి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే. ఒక్కసారైనా, చచ్చేలోగా, ఒకే దెబ్బకి బంతి గుంటలో పడాలి.

పడితేనా? దిబ్బలో పడింది, ముళ్ళపొదలో పడింది, ఒకసారి గుంట వైపున్న తన వంటింటి కిటికీలోంచి పొయ్యి మీద ఉడుకుతున్న చేపల పులుసులో పడింది.

"ఇంత చిన్న గిన్నెలో వెయ్యగలిగినవాడివి, ఆ గుంటలో వెయ్యలేవేమయ్యా?" అంది భార్య బెల్లా, గరిటెతో బంతిని బయటికి తీస్తూ.

ఒకే దెబ్బకి బంతి వేసినవాడు ఆ సాయంత్రం బారులో ఉన్న ప్రతివాడికీ విస్కీ పోయించాలి. ఆచారమంటే ఆచారమే, అందులో బేరాల్లేవు. క్లబ్బు సెక్రటరీ టల్లక్ గారు ధాన్యం వ్యాపారి. పుట్టి బుద్ధెరిగి ఒకరికి గుక్కెడు పోయించిన పాపాన పోలేదు. ఆయన బారులోకి వచ్చినా వేడినీళ్ళే తాగేవారు, అవి ఊరికే ఇస్తారు కనక.

ఒక అక్టోబరు సాయంత్రం, సముద్రపు గాలి ఎముకలు కొరుకుతుంటే, టల్లక్ గారి బంతి మొదటి దెబ్బకే దిబ్బ దాటొచ్చి గుంటకు జానెడు దూరంలో ఆగింది. అలిక్ బంతి వైపు చూశాడు. దిబ్బ వైపు చూశాడు. ఇంకా ఎవరూ ఎక్కి రాలేదు. ఉదయం నుంచీ చలిలో కూర్చుని అతని గొంతు ఎండిపోయింది. బూటు ముందుకు జరిగింది. టప్పుమని చిన్న చప్పుడైంది.

టల్లక్ గారు ఆయాసపడుతూ దిబ్బ దిగి, పొదలన్నీ వెతికి, చివరికి గుంటలోకి తొంగిచూసి కొయ్యబారిపోయారు.

"దానంతటదే దొర్లుకుంటూ వెళ్ళి పడిందండీ, నా కళ్ళారా చూశాను," అన్నాడు అలిక్, పాదిరీ ముందు నిలబడ్డవాడి మొహం పెట్టి.

ఆ సాయంత్రం టల్లక్ గారు నవ్వారు, ఏడ్చారు, ఊరందరికీ పోయించారు. అలిక్‌కి రెండుసార్లు పోయించారు.

అలవాటు అలాగే మొదలవుతుంది. అయితే అలిక్ నీతి ఉన్న మనిషి. పోటీ రోజుల్లో బంతి జోలికి వెళ్ళేవాడు కాదు. పేదవాళ్ళ బంతి ముట్టుకునేవాడు కాదు. ఖరీదైన స్వెట్టరు వేసుకుని, గంట కొట్టేవాడికి నమస్కారమైనా పెట్టని వాళ్ళ బంతికి మాత్రమే, అదీ జానెడు లోపల ఆగితేనే, బూటు సాయం చేసేవాడు. తర్వాత అదే మొహం, అదే మాట. వంటింటి కిటికీ దగ్గర చేపలు తోముకుంటూ బెల్లా ఆ మాట ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ఒక్కసారీ ఏమీ అనలేదు.

ఆరో గుంట పేరు నలుదిక్కులా పాకింది. ఎడిన్‌బరా నుంచి, లండన్ నుంచి కూడా జనం రావడం మొదలైంది. వాళ్ళ డబ్బుతో క్లబ్బు కప్పు కారడం ఆగింది. నూరేళ్ళ పండగకి టల్లక్ గారు క్లబ్బు చరిత్ర రాసి అచ్చు వేయించారు. అందులో పాదిరీకి ఒక పేజీ, సముద్రానికి ఒక పేజీ, ఆరో గుంటకి పదిహేను పేజీలు. ఆ పల్లం వాలు, గాలి దిశ, ఇసుక గుణం కలిసి బంతిని గుంటలోకి లాక్కుంటాయని బొమ్మలు గీసి మరీ నిరూపించారు. అలిక్ పుస్తకం చదివి, ఇదంతా నిజమేనేమోనని ఒక పూట నమ్మాడు కూడా.

అన్ని బంతుల్ని లాక్కునే గుంట అలిక్ బంతిని మాత్రం ఒక్కసారీ లాక్కోలేదు. అప్పటికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి, కళ్ళు మసకబారుతున్నాయి. ఇక తనకా యోగం లేదని అతనికి తెలిసిపోయింది. అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కూడా ఆ సంగతే తలుచుకుని దిగులుపడేవాడు.

పండగ ఆటలో చీటీలు వేస్తే అలిక్‌కి టల్లక్ గారే జోడీగా వచ్చారు. అలిక్ ఆడే రోజున గంట పని బెల్లాది. ఆమె స్వెట్టరు అల్లుకుంటూ బల్ల మీద కూర్చుంది. ఆరో గుంట దగ్గర గంట మోగింది. అలిక్ బంతి కొట్టాడు. బంతి దిబ్బ మీదుగా వెళ్ళింది, అంతవరకే అతనికి తెలుసు.

దిబ్బ దిగి చూస్తే బంతి ఎక్కడా లేదు. అలిక్ అలవాటు చొప్పున ముళ్ళపొదలోకి దూరాడు. టల్లక్ గారు గుంటలోకి తొంగిచూసి చిన్నపిల్లాడిలా గంతులేశారు.

"అలిక్! పడిందయ్యా! పడింది!"

అలిక్ పొదలోంచి తల బయటపెట్టి మొదట బంతి వైపు చూడలేదు. పెళ్ళాం వైపు చూశాడు.

"దానంతటదే దొర్లుకుంటూ వెళ్ళి పడింది, నా కళ్ళారా చూశాను," అంది బెల్లా, అల్లిక మీంచి కళ్ళెత్తకుండా.

వెనకవాళ్ళ కోసం ఆమె గంట కొట్టడం మర్చిపోయింది. దిబ్బ అవతల పండగ ఆటగాళ్ళంతా చర్చి ముందర జనంలా పోగైపోయారు.

ఆ సాయంత్రం బారు కిక్కిరిసింది. అలిక్ జేబు తడుముకుంటుంటే టల్లక్ గారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు. "ఇవాళ్టిది నాది," అన్నారు. బారు మొత్తం నోరు తెరిచింది.

"నీకు తెలీదు అలిక్," అన్నారాయన, పక్కకు లాక్కెళ్ళి. "మా ఆవిడ చనిపోయిన ఏడాది నాకు బతకాలనిపించలేదు. కళ్ళు మూసుకుని నా బంతి ఆ గుంటలోకి దొర్లడం ఊహించుకునేవాణ్ణి. నువ్వు చూశావు కదా, నువ్వు చెప్పిన మాటే చెవుల్లో మోగేది. దేవుడు నన్నూ ఒకసారి చూశాడనిపించేది."

అలిక్ గ్లాసు ఎత్తాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చిన మాటని విస్కీతో పాటు మింగేశాడు. అది చెబితే ఆ ముసలాయనకి ఇంకేం మిగులుతుంది?

ఇంటికొచ్చి పులుసు గిన్నె పక్కకు జరిపాడు.

"బెల్లా, ఒట్టేసి చెప్పు. తన్నావా?"

"ఏంటి తన్నేది?"

"నా బంతిని."

బెల్లా గరిటె కింద పెట్టింది. "ఇన్నేళ్ళలో టల్లక్ గారు నిన్ను ఒక్కసారైనా ఆ మాట అడిగారా?"

"లేదు."

"సుఖంగా ఉన్నారుగా. నువ్వూ నోరు మూసుకుని తిను."

ఆ తర్వాత అలిక్ బూటు ఏ బంతినీ ముట్టుకోలేదు. ఆరో గుంట మాయ తగ్గిపోయింది. గాలి దిశ మారిందని టల్లక్ గారు రెండో ముద్రణలో చేర్చారు. అలిక్ మాత్రం రోజూ గంట కొట్టాక ఒకసారి వంటింటి కిటికీ వైపు చూస్తాడు. బెల్లా కూడా తలెత్తి చూస్తుంది. ఆ మొహంలో ఏమీ ఉండదు. అంత ఖాళీ మొహం పెట్టడం ఎంత కష్టమో ఊళ్ళో అతనొక్కడికే తెలుసు.