ముడి చక్కెర గుట్ట చూసిన అవ్వ

మా అక్క రేవులో చూసుకునేది చక్కెర అంటే మా అవ్వ, అంటే మా అమ్మ, చాలాకాలం నమ్మలేదు. బోధన్ పక్క ఊళ్లో చెరుకు నరికి, బండికెత్తి, ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరుసలో కునుకు తీసిన మనిషి ఆమె. ఆమెకు తెలిసిన చక్కెర చెరుకు మడిలో పుట్టి, ఆ పొగగొట్టం కింద బస్తాలోకి ఎక్కేది. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా ఆమె లెక్క మారలేదు.

"సముద్రంల ఉప్పుంటది గని సక్కెర యాడికెల్లి వస్తది బిడ్డా?" అని ఫోన్‌లో అక్కను అడిగేది.

"పరాయి దేశంకెల్లి ఓడల వస్తదే అవ్వా. నువ్వే వచ్చి సూడు."

ఉద్యోగుల ఇంటివాళ్లకు రేవు చూపించే రోజు ఉందని అక్క కబురు పెట్టగానే, నిజామాబాద్‌లో నా బట్టల కొట్టుకు తాళం వేసి అవ్వను రైలెక్కించాను. సికింద్రాబాద్‌లో బండి మారి కాకినాడ చేరాం. దారిలో పక్క సీట్ల వాళ్లకు జొన్నరొట్టె తుంచి పెడుతూ, "మా పెద్దబిడ్డ సక్కెర కాడ ఆఫీసరు" అని అవ్వ ఒకటే చెప్పుకొంది. అనుమానమంతా ఇంట్లోవాళ్ల దగ్గరే.

రేవు గేటు దగ్గర అక్క ఎదురొచ్చింది. అక్కడ మాకు నారింజ రంగు కోట్లు, గట్టి టోపీలు ఇచ్చారు. కొప్పు మీద టోపీ కూర్చోలేదు. అక్కడే నిలబెట్టి కొప్పు విప్పి జడ వేశాను.

"నా పెండ్లికి గూడ ఎవ్వలు గింత తయారు జెయ్యలె" అంది అవ్వ. అక్క నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగింది. ఇక ఆ రోజంతా మా ముగ్గురికీ నవ్వు ఆగలేదు.

ముందు ఓడ చూశాం. క్రేను కొసన వేలాడే ఇనుప దోసిలి ఓడ కడుపులోకి దిగి, గోధుమరంగు చక్కెరను ఎత్తి పెద్ద గరాటులో పోస్తోంది. గరాటు కింద లారీ నిండగానే తాడిపత్రి పట్టా కప్పి తూకానికి పంపుతున్నారు. గాలి నిండా బెల్లం వండుతున్న వాసన. అవ్వ ముక్కు ఎగబీల్చి నా చేయి పట్టుకుంది.

గోదాములోకి అడుగుపెట్టాక ఆ చేయి కూడా వదిలేసింది. రేకుల కప్పు దాకా చక్కెర. తెల్లగా కాదు, తడి ఇసుక రంగులో.

"సిరికొండ దిక్కు గుట్ట లెక్కనే ఉన్నది గదనే" అంది మెల్లగా.

ఇంతకు ముందు ఇక్కడ ఎరువు ఉండేదని, అది ఖాళీ అయ్యాక నేల, గోడలు కడిగి, ఆరబెట్టి, పరీక్ష చేశాకే చక్కెర పోయించామని అక్క చెప్పింది. తేమ తగిలితే గడ్డ కడుతుందట. పొడవాటి ఇనుప గొట్టాన్ని గుట్టలో గుచ్చి, నమూనా తీసి చూపించింది. అవ్వ ఇంకా దగ్గరికి నడిచింది.

"గటు పోకు పెద్దవ్వా, జారుతది." గుట్టను ఎగదోసే బండి మీద నుంచి వచ్చిన మాట అది. పొద్దుటి నుంచి అండీ, గారూ వింటున్న మా చెవులకు ఆ మాట ఒక్కసారిగా ఇంటిని తెచ్చింది.

"నీది ఏ ఊరు కొడుకా?" అంది అవ్వ.

"ముప్కాల్."

అంతే. అది మా జిల్లా ఊరే; ఆయన బండి ఆపి దిగేదాకా అవ్వ ఊరుకోలేదు. ముప్కాల్‌లో ఎవరెవరు తెలుసో వరుసగా అడిగింది. ఒక్కరూ కలవలేదు. అయినా ఇద్దరూ చుట్టాల్లాగే నవ్వుకున్నారు.

ఇంతలో ఓడ వైపు నుంచి సైరన్ మోగింది. వాన. దూరంగా ఓడ మూతలు జరుగుతూ మూసుకుంటున్నాయి. గోదాము తలుపు ముందు ఒక లారీ, లోపలికి రావడానికి అప్పుడే తాడిపత్రి విప్పుకొని నిలబడి ఉంది. లోపల ముందు లారీ ఇంకా ఖాళీ కాలేదు. కూలీలు పరుగెత్తారు. అక్క పరుగెత్తింది. ముప్కాల్ అన్న పరుగెత్తాడు. అవ్వ అందరికంటే ముందు పోయి తాడిపత్రి కొస పట్టుకుంది. ఆరబోసిన పసుపు మీదికి మబ్బు వస్తే ఇంట్లో మేమందరం అలాగే ఉరికేవాళ్లం.

"గుంజు, గుంజు బిడ్డా."

"అమ్మా, మీరు పక్కకు రండి, మేం చూసుకుంటామండి" అన్నాడొక కూలీ.

"నువ్వు నీ దిక్కు గుంజయ్యా" అంది అవ్వ.

చినుకులు పెద్దవయ్యేసరికి తాడిపత్రి బిగిసింది. చక్కెర తడవలేదు, మేం తడిశాం. తాడిపత్రికి అంటిన పొడి వానలో కరిగి చేతుల మీదుగా పాకంలా కారుతోంది. అవ్వ మోచేయి నాకి, "తియ్యగనే ఉన్నది" అని తీర్పు చెప్పింది. అక్క నేల మీద కూలబడి నవ్వింది.

వాన తగ్గాక ముప్కాల్ అన్న మమ్మల్ని క్యాంటీన్‌కు తీసుకెళ్లి చాయ్ చెప్పాడు. గ్లాసులు పెడుతూ క్యాంటీన్ ఆయన మొహమాటంగా అన్నాడు: "ఏమనుకోకండి, పంచదార అయిపోయిందండి. తేవడానికి మనిషి వెళ్లాడు."

అక్క గోదాము వైపు చూసింది. తర్వాత అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం మొదలయ్యాయి. క్యాంటీన్ ఆయన బెదిరిపోయి ఇంకోసారి క్షమించమన్నాడు. మేం బల్ల మీద తలలు వాల్చేశాం. చప్పటి చాయ్ అలాగే తాగాం. అక్క లేచి పనికి పోతుంటే, అవ్వ ఆమె టోపీ సరిచేసి, "ఇంకో ఓడ ఎప్పుడొస్తదే?" అని అడిగింది.