యెవ్దోహా ఆకు కిరీటం

మా కార్పాతియన్ కొండల్లో, చెరెమోష్ ఏటి ఒడ్డున, ఏ ఇంట్లో పెళ్ళి కుదిరినా మొదటి కబురు వెళ్ళేది చర్చి ఫాదరుకి కాదు, యెవ్దోహాకి. ఆమె పెరట్లో ఆపిల్ చెట్ల కింద నేలంతా బర్వినోక్ తీగే. వసంతంలో నీలిపూలు పూస్తుంది. మంచు కింద కూడా ఆకు పచ్చగానే ఉంటుంది. ఆ ఆకుని ఎర్రదారంతో కుట్టి, తేనె పూసి, బంగారు రేకు అద్దితే పెళ్ళికూతురి కిరీటం. అది లేకపోతే మాలో పెళ్ళి పెళ్ళే కాదు.

తల్లి పోయేనాటికి యెవ్దోహాకి పదిహేడేళ్ళు, వెనక నలుగురు తమ్ముళ్ళు. గొర్రెలు కాసి, జున్ను అమ్మి వాళ్ళందరినీ ఓ ఇంటివాళ్ళని చేసేసరికి, ఆమెకొచ్చిన సంబంధాలన్నీ ఇరుగుపొరుగు ఇళ్ళకి వెళ్ళిపోయాయి. అందులో ఒకటి మా ఇంటికే వచ్చింది. మా ఆయన యూర్కో! ఆ సంగతి ఆమె ఏనాడూ ఎత్తలేదు. నేనే ఎత్తుతుంటాను, నా నోరు అలాంటిది.

అలాంటిది మొన్న చలికాలం, ఆమె అరవై ఒకటో ఏట, పీపాలు చేసే ఓనుఫ్రీ వచ్చి పెళ్ళాడతావా అని అడిగాడు. అతని భార్య పోయి తొమ్మిదేళ్ళు. యెవ్దోహా సరేనంది. ఊరు ముక్కున వేలేసుకుంది. ఆమె ఊరుకోక, బావి దగ్గర మరో మాట అంది.

"శనివారం ఆకు కొయ్యడానికి రండర్రా. కిరీటం పెట్టుకుంటాను."

నేను గమ్మునుండొచ్చుగా! "ఏమే, నెరిసిన నెత్తి మీద పచ్చాకా? గొర్రెలు చూస్తే మేసేస్తాయి! రుమాలు కట్టుకుని చర్చికి వెళ్ళిరా, చాలు" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. యెవ్దోహా బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మాలో పెళ్ళికూతురు తన ఆకు తాను కొయ్యకూడదు. వేరే ఆడవాళ్ళు వచ్చి పొద్దు గూకకముందే కొయ్యాలి. శనివారం మధ్యాహ్నం మా కిటికీలోంచి చూస్తే ఆమె పెరట్లో ఒక్కతే నిలబడి ఉంది. కంచె పక్క బల్ల మీద ఉతికిన తువ్వాలు, దాని మీద వచ్చేవాళ్ళకి రొట్టె, ఆకు కొయ్యడానికి కత్తి. ఒక్క నరపురుగు రాలేదు. నేనంత వేళాకోళం చేశాక ఎవరొస్తారు?

"నీ నెత్తిన పెట్టిన ఆకు ఎవరి పెరట్లోదో గుర్తుందా?" అన్నాడు యూర్కో పొయ్యి దగ్గర కూర్చుని.

"నువ్వు నోర్ముయ్" అని బూట్లు తొడుక్కున్నాను.

ముందు వాసిలినా ఇంటి తలుపు బాదాను. "ఒసేయ్, బయటికి రా! పార తెచ్చుకో!"

"గొర్రెలు మేస్తాయన్నది నువ్వేగా వదినా?"

"అన్నాను, నా నోట మన్ను పడ. నడు!"

ఇల్లిల్లూ తిరిగాను. తిట్లు తిన్నాను, తిన్నవన్నీ తిరిగి పెట్టాను. గంటలో పద్దెనిమిది మందిమి ఆ పెరట్లో పాడుకుంటూ మంచు తోడుతున్నాం. మోకాలి లోతు తీస్తే కింద ఆకు నిగనిగలాడుతోంది.

యెవ్దోహాని లోపల కూర్చోబెట్టాం. కూర్చుంటే ఆమె యెవ్దోహా ఎందుకవుతుంది? కిటికీ తెరిచి ఒకటే కేకలు. "అక్కడ కాదే మొద్దూ! కొస తుంచు, కొస!"

"పెళ్ళికూతురివి, కాస్త సిగ్గుపడు!" అంది వాసిలినా.

"నా సిగ్గు నలభై ఏళ్ళ కిందటే అయిపోయింది. నువ్వు వేరు పీకకు!"

కుట్టడానికి కూర్చున్నాం. మొదటి కుట్టు కాపురం చల్లగా సాగుతున్న ఇల్లాలు వెయ్యాలి. నేను వెనక్కి జరిగాను. యెవ్దోహా సూది తెచ్చి నా చేతిలోనే పెట్టింది.

"నీ నోరు ఎలాంటిదైనా నీ కాపురం మంచిది. వెయ్యి."

తప్పయిందని చెప్పడం నాకు చేతకాదు. కుట్టాను.

తేనె పూసి, రేకు అద్ది, నెత్తిన పెట్టాం. పెళ్ళికాని పిల్ల ఇంకొకరి కిరీటం పెట్టి చూసుకోకూడదు, అరిష్టం. ఊరందరికీ ఆకు ఇచ్చిన మనిషి ఇన్నేళ్ళలో ఒక్కసారీ పెట్టి చూసుకోలేదు. కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది. తేనె చుక్క ఒకటి నుదుటి మీంచి ముక్కు కొసకి జారింది.

"ఇంత చల్లగా ఉంటుందని ఒక్కత్తైనా చెప్పలేదేమే!" అంది.

ఏం చెబుతాం? పద్దెనిమిదేళ్ళ వయసులో, పెళ్ళి సంబరంలో, మా ధ్యాస తల మీద ఉందా? చల్లదనం ఎవరికి తెలిసింది? నేను భోరున ఏడ్చేశాను. ఆమె మాత్రం నాలుక చాపి, ముక్కు మీది తేనెని అందుకోవాలని చూస్తోంది.