గడియ అక్క తెరవని తలుపు

ఆసుపత్రిలో ఆమెను అందరూ గడియ అక్క అంటారు. ముద్దుగా పెట్టిన పేరేమీ కాదు, ఒళ్లు మండి పెట్టింది. అక్కడి కంప్యూటర్లకు ఫైర్‌వాల్ కాపలా ఆమెది. ఏ మిషను దేనితో మాట్లాడవచ్చో రూల్స్ రాయడం ఆమె పని. ఫైర్‌వాల్ వాటిని పైనుంచి కిందికి చదువుతూ, మొదట సరిపోయిన రూలు దగ్గరే ఆగిపోతుంది.

ఆమె చేరిననాడు అన్నిటికంటే పైనున్న రూలు ఏమిటయ్యా అంటే, ఎవరైనా ఎక్కడికైనా పోవచ్చని. పక్కన "తాత్కాలికం" అని రాసి ఉంది. ఎవరు రాశారో తెలియదు. తీస్తే ఏం ఆగిపోతుందోనని ఏళ్లతరబడి ఎవరూ దాని జోలికి పోలేదు. కింద ఉన్న రూల్స్ అన్నీ అలంకారానికే. ఆమె నెలల తరబడి ఒక్కో దారీ వెతికి, అవసరమైనవి విడిగా రాసి, ఆ పై రూలును పీకి పారేసింది. అప్పటినుంచి ఒకటే పట్టు: పేరు, కారణం, గడువు లేనిదే రూలు లేదు. గడువు దాటితే తనదైనా సరే, పోవలసిందే.

ఒక ఉదయం స్కానింగు బొమ్మలు డాక్టర్లకు అందడం మానేశాయి. మిషను గది మారితే దాని చిరునామా మారుతుంది, పాత రూలు సరిపోదు. దాన్ని పక్క గదిలోకి మార్చి ఆమెకు చెప్పని ఘనుడు అక్కడే స్కానింగులో పనిచేసే ఆమె మొగుడే.

డైరెక్టరు ఊడిపడ్డాడు. "ఇవాళ్టికి అన్నీ తెరిచెయ్యమ్మా. రేపు చూసుకుందాం."

"తెరవను సార్. ఐసీయూ మిషన్లూ ఈ ఫైర్‌వాల్ వెనకే ఉన్నాయి. బొమ్మలు పోయే దారి ఒక్కటే తెరుస్తా, కాసేపు ఆగండి."

"నేను చెప్తున్నాగా."

"అయితే మీ పేరు రాయండి. కారణం, గడువు కూడా."

ఆయన కీబోర్డు ముట్టుకోలేదు. "నువ్వు కాకపోతే ఇంకొకరు" అని విసురుగా వెళ్లిపోయాడు. ఆమె ఆ ఒక్క దారే తెరిచింది. బొమ్మలు వెళ్లాయి.

మొగుడు తలగోక్కుంటూ ఆ రూలుకు తన పేరు రాశాడు. "ఇంట్లో కుర్చీ జరపాలన్నా నీకు చెప్పాలా?"

"ఇంట్లో ఫర్వాలేదు."

నెలాఖరున ఆమె డైరెక్టరు ముందు లాప్‌టాప్ పెట్టింది. "నన్ను లోపలికి రానిచ్చే రూలుకి ఇవాళే ఆఖరు సార్. ఉంచాలనుకుంటే మీ పేరు రాయండి. లేదంటే రేపట్నుంచి నేనూ బయటే."

"నువ్వే పొడిగించుకోలేవా?"

"చేతనవును. చెయ్యను."

ఆయన గుర్రుగా చూసి తన పేరు టైపు చేశాడు. గడువు ఏడాది అని పెట్టాడు. కారణం దగ్గర ఇలా రాశాడు: "నేను చెప్పినా తెరవదు కనుక."