చెయ్యి దిగితేనే మాట

బంగారయ్యని ఏదైనా అడిగితే ముందు నోరు తెరవడు, కుడిచెయ్యి చాపుతాడు. రాయ్‌పూర్ రైల్వే కేబిన్లో సిగ్నలు లీవర్లు లాగే మనిషాయన. పక్క స్టేషను నుంచి లైన్ క్లియర్ రానిదే రైలును వదలకూడదన్న రూలు ఆయన ఒంటికి పట్టేసింది. మాటకి కూడా అదే రూలు పెట్టుకున్నాడు. సిగ్నలు స్తంభం రెక్కలాగా చెయ్యి అడ్డంగా ఉన్నంతసేపూ మాట ఆగి ఉన్నట్టు. చెయ్యి వాలిందా, బయలుదేరినట్టే!

స్వరాజ్యం వచ్చిన కొత్తలో అక్కడి రైల్వే కాలనీ తెలుగువాళ్లకి ఇంతకంటే వినోదం లేదు. ఆయన భార్య వరహాలమ్మకి మాత్రం ప్రాణం విసిగిపోయేది.

"ఏటయ్యా, పులుసులో ఉప్పు సరిపోనాదా?"

చెయ్యి లేచింది. ఆమె తను కూడా తిని, కంచాలు కడుక్కుని వచ్చింది. అప్పుడు దిగింది.

"సరిపోనేదు. నిన్నటికన్నా మెరుగే."

"ఇప్పుడు సెప్పి ఏటి లాభం? గిన్నె ఖాళీ!"

కూరలమ్మి "ఏ బబా, కతకా లేబే?" అని ఆ ఊరి భాషలో ఎంత కావాలో అడిగేది. చెయ్యి లేవగానే ఆనపకాయల సంచీ దానికి తగిలించి, పక్కింటికి బేరానికి వెళ్లిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పార్సిలు గుమాస్తా సూర్యారావు స్టేషను నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆయన నోటికి సిగ్నళ్లూ లేవు, బ్రేకులూ లేవు.

"కొంప మునిగింది! ఆరంగ్ కాడ గూడ్సు పట్టాలు తప్పింది! అరె బాబా, ఇంజన్లో ఉన్నది మన పరదేశి!"

పరదేశి ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఇంట్లో భార్య రమణమ్మ నిండు చూలాలు, పిల్లి దూకినా గుండె దడదడలాడే మనిషి. క్షణాల్లో కాలనీ ఆడవాళ్లంతా కొంగులు కళ్లకద్దుకుంటూ ఆ ఇంటికి బయలుదేరారు. అందరికంటే ముందు వరహాలమ్మే. తీరా చూస్తే గుమ్మానికి అడ్డంగా ఆవిడ మొగుడే! కేబిన్లో కబురు ముందే తెలిసి, డ్యూటీ చొక్కాతోనే వచ్చి, చెయ్యి చాపి నిలబడ్డాడు.

"తప్పుకో మావా! జల్దీ సెప్పాలి!" అన్నాడు సూర్యారావు రొప్పుతూ.

బంగారయ్య చెయ్యి దించకుండానే గొంతు తగ్గించి మాట్లాడాడు. పెళ్లయినప్పటినుంచీ వరహాలమ్మ అలాంటి వింత చూసి ఎరగదు.

"ఆడికి దెబ్బ తగిలిందని నీకు తెలుసా?"

"తెల్దు గానీ..."

"మావోళ్లు ఆరంగ్‌కి ఫోను సేస్తన్నారు. ఆడు బాగుంటే కేబిన్లోంచి పచ్చజెండా ఊపమన్నాను. అందాకా ఎవులూ నోరిప్పొద్దు."

"ఎవులది గుమ్మంలో?" అంటూ లోపలినుంచి రమణమ్మ వచ్చింది. చాపిన చెయ్యి చూసి పకపకా నవ్వేసింది. "ఏదో సెప్పడానికొచ్చి సిగ్నలు కాడ ఆగిపోయావా మావయ్యా? ఈళ్లంతా తమాసా సూడ్డానికొచ్చారా?"

సూర్యారావు నోరు తెరిచాడు. వరహాలమ్మ అరచేత్తో మూసేసింది. ఈ మనిషి చెయ్యి చాపితే ఎవరికీ అనుమానం రాదని ఆవిడకి అప్పుడే తట్టింది. ఏడవడానికొచ్చిన ఆడవాళ్లంతా పళ్లికిలిస్తూ నిలబడ్డారు.

ఎండ మండిపోతోంది. బంగారయ్య చెయ్యి మెల్లగా కిందికి జారసాగింది. వరహాలమ్మ వెళ్లి మోచెయ్యి కింద తన చెయ్యి ఆన్చింది. ఆవిడ కళ్లు మాత్రం దూరంగా కనిపించే కేబిన్ మీదే. ఊపండర్రా, నా బాబులు కదూ, ఊపండి!

ఊపారు! పచ్చజెండా!

చెయ్యి దభాలున దిగింది.

"అమ్మీ, పరదేశి ఇయాళ ఆలీసంగా వస్తాడు. ఆకలి మీదుంటాడు, నాలుగు గింజలు ఎక్కువెయ్యి."

"ఓస్, ఇంతేనా!" రమణమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈపాటి మాటకి ఇంతమందిని ఎండలో నిలబెట్టావా? అత్తా, ఎలాగ ఏగుతున్నావే ఈ మనిసితోటి?"

"ఏటి సేస్తానమ్మా, నా కర్మ!" అని వరహాలమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ సాయంత్రం ఆ చేతికి నువ్వులనూనె రాస్తున్నంతసేపూ ఆవిడ మొగుణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.