కిలోగారికి పెద్దక్షరాలు

అరవైల చివర్లో నేను రేపల్లె నుంచి రోజూ బండెక్కి తెనాలి వెళ్ళి టైపు నేర్చుకునేదాన్ని. లోయర్ పరీక్ష పాసయ్యానో లేదో, నా అంత టైపిస్టు జిల్లాలోనే లేదని నాకు గట్టి నమ్మకం. బాపట్లలో వ్యవసాయం చదువుతున్న మా అన్నయ్య కూడా అది నమ్మి, తన పరిశోధన వ్యాసం నా చేతికిచ్చాడు, పాపం. నలభై పేజీలు, కార్బన్ పెట్టి రెండు ప్రతులు.

కిలోలూ మీటర్లూ అప్పటికింకా కొత్తల్లుళ్ళ కిందే లెక్క. ఇంట్లో అమ్మ వీశెల్లోనే మాట్లాడేది. అంత పెద్ద ప్రభుత్వం తెచ్చిన కొలతల్ని చిన్నక్షరాల్లో కొడితే ఏం మర్యాదని, అన్నయ్య ఇంగ్లీషులో చిన్నగా రాసిన ప్రతి కేజీనీ, సెంటీమీటరు తాలూకు ప్రతి సీఎంనీ పెద్దక్షరాల్లోకి మార్చేశాను. షిఫ్టు మీట నొక్కినప్పుడల్లా ఎవరినో గారూ అని పిలిచినంత సంబరం నాకు.

ఆఖరి రోజు మధ్యాహ్నం అన్నయ్య తెనాలి స్టేషనుకొచ్చి కట్ట అందుకున్నాడు. ఐదులోగా కాలేజీలో వాళ్ళ గైడు సారుకివ్వకపోతే ఏడాది పోతుంది. సారు మెచ్చుకుంటుంటే చూడాలని నేనూ బాపట్ల బండెక్కాను. బండి కదిలాక అన్నయ్య కట్ట విప్పాడు.

"ఏంటే ఇది! కేజీకి పెద్దక్షరాలేంటి?"

"మర్యాదగా ఉంటుందని, అన్నయ్యా."

"మర్యాదా! శాస్త్రవేత్త పేరు మీద పుట్టిన కొలతకే పెద్దక్షరం. కిలో ఎవరే, నీకు కాబోయే మామగారా? ఒక్కటి కనబడినా సారు మొహాన కొడతారు!"

నాకు ఏడుపొచ్చేసింది. అన్నయ్య సంచిలోంచి గడ్డం గీసుకునే బ్లేడు తీసి ఒక అక్షరం గీకాడు. కాగితానికి చిల్లు పడింది.

ఎదురుగా ఖాళీ గంపతో ఒకామె కూర్చుంది. తెనాలిలో చేపలమ్ముకుని బాపట్ల వైపు ఇంటికెళ్తోంది. "ఇటియ్యి బాబూ. నాకు అచ్చరం ముక్క రాదు గానీ, పొలుసు తీసే చెయ్యి నాది" అంది.

నేను పెన్సిలుతో చుక్క పెడితే ఆమె గీకేది. అబ్బ, ఏం చెయ్యండీ అది! అక్షరం లేచిపోయేది, కాగితం చెక్కుచెదిరేది కాదు. అన్నయ్య ఆ చోట నల్ల సిరాతో చిన్నక్షరం రాసేవాడు, అదీ బండి ఆగినప్పుడే. పొన్నూరు దాటాక సిగ్నలు లేక బండి నిలిచిపోతే పెట్టెలో అందరూ విసుక్కున్నారు, మేం ముగ్గురం మాత్రం చప్పట్లు కొట్టాం. ఆ ఊపులో నేను డిగ్రీల పక్కనున్న సీ మీద కూడా చుక్క పెట్టాను. "అది ఉంచు పిన్నీ, అది నిజంగా మనిషి పేరే!" అని అన్నయ్య కేక పెట్టాడు. బాపట్లలో దిగాక ప్లాట్‌ఫారం మీదే ముగ్గురం చతికిలబడి మిగతావి పూర్తి చేశాం.

ఐదుకి పది నిమిషాలుండగా అన్నయ్యా నేనూ సారు బల్ల ముందు నిలబడ్డాం. ఆయన పేజీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"చేపల వాసనేంటయ్యా?"

"తీరప్రాంత నేలల మీద పరిశోధన కదండీ" అన్నాడు అన్నయ్య.

ఆయన నవ్వలేదు. కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశారు. "ఇన్ని గీకుళ్ళా! ఈ తప్పులు నీవా, ఈ అమ్మాయివా? కొలతలు రాయడం రానివాడికి నేను సంతకం పెట్టను."

దారిపొడుగునా నన్ను దులిపేసిన అన్నయ్య తల వంచుకున్నాడు. "నావేనండి. చెల్లాయి నేను రాసిచ్చినట్టే కొట్టిందండి."

"అబద్ధమండీ! నేనే మార్చానండి!" అని అరిచేశాను.

"నువ్వూరుకోవే!"

"నువ్వే ఊరుకో!"

సారు ఎదుటే పోట్లాడుకున్నాం. ఆయన పగలబడి నవ్వి, కళ్ళు తుడుచుకుని, సంతకం పెట్టేశారు.

వరండాలోకి రాగానే అన్నయ్య మళ్ళీ తిట్లు లంకించుకున్నాడు. నేను మాత్రం ఇంకా తిట్టు అన్నయ్యా అంటూ, వాడి చెయ్యి పట్టుకుని గెంతుతూ నడిచాను.