వదిన కోలుకున్న ఆరు వారాలు

మా వదిన ఆపరేషన్ చేయించుకుని పన్నెండేళ్లయింది. ఆ తర్వాత అన్నయ్య రిటైరయ్యాడు. మెట్లెక్కలేక వాళ్లు మూడో అంతస్తులోని ఇల్లు వదిలి వేరే ఇంటికి మారారు. అయినా, బతుకులో హాయిగా గడిచిన రోజులేవని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ మూడో అంతస్తులో వీధి వైపు గది. మంచం పట్టిన మనిషి పక్కన గడిపిన రోజుల్ని హాయి అంటావేంటని మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు.

వదిన లైబ్రరీలో బైండరుగా పనిచేసేది. చిరిగిన పుస్తకాలన్నీ ఆమె బల్ల మీదికి చేరేవి. పాత అట్ట ఊడదీసి, విడిపోయిన కాగితాలను దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టి, జిగురు పూసి, కొత్త అట్ట వేసి ఇనప ప్రెస్సులో బిగించేది. ముప్పై ఏళ్లు అదే బల్ల, అదే స్టూలు.

ఆమె రొమ్ములు చాలా పెద్దవి. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు యాభై ఎనిమిదేళ్లు రావలసివచ్చింది. మా ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తేవారు కాదు. ఎవరి కళ్లలోనూ పడకూడదని పదమూడో ఏటి నుంచే ఆమె భుజాలు ముందుకు వంచి నడిచేదట. పెళ్లయి మా ఇంటికొచ్చేసరికి ఆ వంపు ఆమె నడకలో భాగమైపోయింది. బల్ల మీదికి వంగి చేసే పని దానికి తోడైంది. నలభై దాటాక మెడనొప్పి, వేళ్లలో తిమ్మిరి మొదలయ్యాయి. ఎండాకాలమంతా రొమ్ముల కింద చెమటకు ఒరుసుకుని పుండ్లు పడేవి. బ్రా పట్టీలు కోసుకుపోయి రెండు భుజాల మీదా వేలు పట్టేంత లోతు గుంటలు పడ్డాయి.

నా తప్పొకటి ఇక్కడే చెప్పాలి. వదిన మా ఇంటికి వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. స్నేహితురాళ్ల ముందు గొప్ప కోసం ఒకరోజు ఆమెను 'దిండు వదిన' అన్నాను. వాళ్లు పడీపడీ నవ్వారు. నేను మళ్లీ అన్నాను. నెల తిరక్కుండా ఆ పేరు మెట్ల మీదా, వీధి మలుపులో కిరాణా కొట్టు దగ్గరా వినపడసాగింది. ఎవరు పెట్టారని ఎవరూ ఆరా తీయలేదు. నేనూ నోరు మెదపలేదు. ముప్పై రెండేళ్లు అది నా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

వదినకు యాభై నాలుగేళ్లప్పుడు, మెడకు వ్యాయామాలు నేర్పే ఆవిడ ఉన్న మాట చెప్పేసింది. ముందు ఆ రొమ్ముల బరువు దిగాలి, అది దిగనంతకాలం ఎన్ని వ్యాయామాలు చేసినా ఒరిగేదేమీ లేదని. వదిన రెండేళ్లపాటు తనలో తనే తర్జనభర్జన పడి, చివరికి ఒక ఆదివారం అందరూ భోజనాల దగ్గర ఉండగా, రొమ్ములు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటున్నానని చెప్పింది. మా పెద్దత్త ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది. ఈ వయసులో ఇదేం మోజని సన్నగా గొణిగింది. అన్నయ్య రైల్వే గార్డు. ఇంట్లో రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ రోజు ఒక్కటే అన్నాడు.

"మోసేది తను. దించుకుంటానంటే మనకెందుకు?"

పెద్దత్త ఆగిన ముద్దను నోట్లో పెట్టుకుంది.

అన్నయ్య డ్యూటీకి వెళ్తే మూడేసి రోజులు ఇంటికి వచ్చేవాడు కాదు. వాళ్లమ్మాయి అప్పుడే పురిటి మంచం దిగింది. అందుకని వదిన నాకు ఫోన్ చేసి, సెలవుల్లో వచ్చి ఉండగలవా అమ్మాయ్ అని అడిగింది. నేను స్కూల్లో లాబ్ అసిస్టెంటును. నాకప్పుడు నలభై ఆరేళ్లు, అయినా ఆమెకు నేను 'అమ్మాయ్'నే. వేసవి సెలవులు మొదలైన రోజే పెట్టె సర్దుకుని వెళ్లాను.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. లోపల చేరిన రక్తం, నీరు బయటికి పోవడానికి రెండు పక్కలా సన్నటి గొట్టాలు పెట్టారు. రెండో రోజు వాటిని తీసేసి మూడో రోజు ఇంటికి పంపించారు. నర్సు ఇచ్చిన కాగితాన్ని నేను బీరువా తలుపుకి అంటించాను. వెల్లకిలా, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. రాత్రీ పగలూ గట్టి బ్రా విప్పకూడదు. చేతులు భుజాల కంటే పైకి ఎత్తకూడదు. నీళ్ల సీసాను మించి బరువు పట్టకూడదు. మందులు వేళ తప్పకూడదు. నడక మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకూడదు కదా.

మొదటి నాలుగు రోజులు ఆమెకు నరకమే. దగ్గినా నొప్పే, నవ్వినా నొప్పే. నొప్పి మందులకు మలబద్ధకం ఒకటి. రోజూ పండ్లు కోసి పెట్టి, గంటకోసారి నీళ్లు తాగించి, వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి చెయ్యి పట్టుకుని నడిపించేదాన్ని. పక్కింటి టీచరమ్మ చూసి, పెళ్లికూతుర్ని నడిపిస్తున్నట్టుందని అంటే వదినకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నొప్పికి నన్ను గిల్లింది.

ఏడో రోజు ఆసుపత్రిలో కట్లు విప్పి, అద్దం ఇస్తాను చూసుకుంటారా అని నర్సు అడిగింది. వాపు, నల్లగా కమిలిన చర్మం. రొమ్ము మొన చుట్టూ ఒక కుట్టు, అక్కడి నుంచి కిందికొకటి, అడుగున అడ్డంగా ఇంకొకటి. వదిన కళ్లజోడు పెట్టుకుని, తల ఒకవైపుకి వాల్చి, చాలాసేపు చూసింది.

"కుట్టు బాగా వేశారు. ఎక్కడ ముడేశారో కూడా తెలియట్లేదు" అంది.

మెచ్చుకున్నట్టే అంది. కానీ బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక ఆమె కళ్లు నిండిపోయాయి. నొప్పా అని అడిగితే కాదంది. పదమూడేళ్ల వయసులో ఎత్తు దూకడంలో స్కూలు మొత్తానికీ తనే ఫస్టట. ఒకరోజు దూకుతుంటే గోడ మీద కూర్చున్న వాళ్లెవరో ఈలలు వేశారట. ఆ మర్నాటి నుంచి ఆట మానేసిందట. "ఆ పిల్ల గుర్తొచ్చింది. ఎంత బాగా దూకేదో" అంది, ఎవరి సంగతో చెప్తున్నట్టు.

తల స్నానం నేనే చేయించేదాన్ని. వాష్‌బేసిన్‌కి వీపు ఆనేలా కుర్చీ వేసి, మెడ కింద తువ్వాలు మడిచి పెట్టి, గోరువెచ్చటి నీళ్లు చెంబుతో పోసేదాన్ని. రెండో వారంలో ఒకరోజు నురుగు కడుగుతున్నాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది. ఆ రోజు ఎందుకో నా నోరు ఆగలేదు.

"వదినా, ఆ దిండు అన్న పేరు పెట్టింది నేనే."

"తెలుసు."

నా చేతిలో చెంబు ఆగిపోయింది. ఎప్పటి నుంచని అడిగాను.

"నేను వచ్చిన కొత్తల్లోనే. మెట్ల మీద నీ స్నేహితురాళ్లకి చెప్తుంటే విన్నాను."

"మరి ఒక్కమాటా అనలేదేం?"

"అప్పుడు అని ఉంటే నువ్వు ఏడ్చేదానివి. నిన్ను చూసి నేనూ ఏడ్చేదాన్ని. కొత్త కోడల్ని, నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నా." కళ్లు తెరిచింది. "కానీ బాధేసింది అమ్మాయ్. చాలా ఏళ్లు బాధేసింది. లేదని అబద్ధం చెప్పను."

తప్పయిందన్నాను. ఆమె చెయ్యెత్తి నా చెంప తడమబోయి, చెయ్యి ఎత్తకూడదని గుర్తొచ్చి, నా మోచేతిని పట్టుకుంది. "సరేలే. నీళ్లు చల్లారిపోతున్నాయి, పోసెయ్" అంది.

ఆ తర్వాత మేమిద్దరం ఇంకోలా మాట్లాడుకునేవాళ్లం. ఏదీ దాచుకోవలసిన అవసరం లేకపోయింది.

మూడో వారానికి వదినకు ఒంట్లో సత్తువొచ్చింది. సత్తువతోపాటు తొందరా వచ్చింది. నేను కూరగాయలకు వెళ్లిన సమయంలో, బిగుసుకుపోయిన కిటికీ రెక్కను రెండు చేతులతో బలమంతా పెట్టి తోసింది. కిటికీ తెరుచుకుంది. రెండు రోజులకు ఎడమ రొమ్ము కింద, నిలువు కుట్టూ అడ్డ కుట్టూ కలిసిన చోట, శనగబద్దంత మేర విచ్చుకుని నీరు కారింది. నేను కాగితంలా పాలిపోయానట. ఆమే నాకు ధైర్యం చెప్పి ఆసుపత్రికి బయల్దేరదీసింది. నర్సు చూసి, ఆ చోట ఇలా అవడం మామూలేనంది. రోజుకు రెండుసార్లు శుభ్రం చేసి కట్టు మార్చమంది. చుట్టూ ఎర్రబడినా, జ్వరం వచ్చినా, చీము కనపడినా వెంటనే రమ్మంది. అవేవీ రాలేదు. మూడు వారాల్లో పుండు దానంతట అదే మూసుకుంది. ఆ మూడు వారాలూ కిటికీలు తెరవడం, మూయడం నా ఉద్యోగమైంది. ఆమె మంచం మీంచి, "సార్జెంటు గారూ, గాలి కావాలి" అనేది.

ఆరో వారం చివర డాక్టరు చూసి అంతా బాగా మానుతోందన్నాడు. చేతులు మెల్లగా పైకెత్తి చూడమన్నాడు. వదిన ఎత్తింది. అంత ఎత్తుకు వెళ్తాయని తనకే నమ్మకం లేనట్టు, తలెత్తి చేతుల వంక చూసుకుంది. అప్పటికే మెడనొప్పి మందులు మానేసింది. ఎడమవైపు స్పర్శ తిరిగి రావడానికి ఏడాది పైన పట్టింది, అదీ పూర్తిగా రాలేదు. మచ్చలు మొదట ఎర్రగా ఉండి, పోనుపోను తెల్లబడ్డాయి. ఇవన్నీ డాక్టరు ముందే చెప్పినవే కాబట్టి ఆమె దిగులు పడలేదు. డాక్టరు అలా చూసిన రెండు వారాల తర్వాత పనిలోకి వెళ్లింది. ప్రెస్సు బిగించే పని రెండు నెలలపాటు తోటివాళ్లు చేసిపెట్టారు. రిటైరయ్యేదాకా అదే బల్ల దగ్గర, కాస్త ఎత్తైన స్టూలు వేయించుకుని, నిటారుగా కూర్చుని పనిచేసింది.

ఆ సెలవుల తర్వాత మేమిద్దరం అన్ని రోజులు కలిసి ఉన్నది లేదు. ఇప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటాం, మనవల గురించీ మోకాళ్ల గురించీ. కానీ మధ్యాహ్నం పూట కాస్త నడుం వాల్చినప్పుడల్లా ఆ గదే కళ్లముందుకొస్తుంది. ఆమె ఎలాగూ పక్కకు తిరక్కూడదు కాబట్టి, తోడుగా నేనూ పక్కన వెల్లకిలా పడుకునేదాన్ని. ఇద్దరం పైన తిరిగే ఫ్యాను వంకే చూస్తూ మాట్లాడుకునేవాళ్లం. కింద వీధిలో సైకిలు బెల్లులు వినపడేవి. ఆమె ఏదో చిన్ననాటి సంగతి చెబుతూ చెబుతూ సగంలో నిద్రలోకి జారుకునేది. లేస్తే మిగతాది చెబుతుందని నేను కదలకుండా, మంచం కిర్రుమనకుండా, అలాగే పడుకుని ఎదురుచూసేదాన్ని.